తహసీల్దారు డిజిటల్ కీ

పెన్నాపై కట్టిన జలాశయమూ, వెయ్యి మెగావాట్ల లక్ష్యంతో తలపెట్టిన సౌర విద్యుత్ పార్కూ ఉన్న కడప జిల్లా మైలవరం మండలంలో భూమి హక్కు రైతు బతుకుతో ముడిపడిన విషయం కాగా, ఆ హక్కును చూపే 1-బి, అడంగల్ వివరాలు రాష్ట్రమంతటా ఉన్నట్టే అక్కడా కంప్యూటరుకెక్కాయి. రికార్డులో పట్టాదారు పేరు మారాలంటే తహసీల్దారు ఆమోదించాలి. ఆ ఆమోదానికి వాడేది రెవెన్యూ కార్యాలయాల్లో డిజిటల్ కీ అనీ డాంగిల్ అనీ పిలిచే, బొటనవేలంత యూఎస్‌బీ పరికరం.

ఈ ఆమోదానికి పాస్‌వర్డు చాలదు. పాస్‌వర్డులోని లోపం దాని స్వభావంలోనే ఉంది: వాడిన ప్రతిసారీ దాన్ని అవతలి యంత్రానికి చెప్పక తప్పదు గనుక, నకిలీ వెబ్‌సైటు పెట్టి కాచుకున్నవాడికి అది సులువుగా చిక్కుతుంది. 1962లోనే ఎంఐటీలో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి ఉమ్మడి కంప్యూటరులోని పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని అచ్చు తీయించుకున్నాడు. రహస్యాన్ని బయటపెట్టకుండానే అది తన దగ్గర ఉందని రుజువు చేసుకునే దారిని 1976లో డిఫీ, హెల్‌మన్ చూపగా, మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ దానికి కావలసిన గణితాన్ని సమకూర్చారు. ఇందులో జంట కీలుంటాయి. యజమాని దాచుకునే రహస్య కీతో చేసిన సంతకాన్ని అందరికీ ఇచ్చే బహిరంగ కీతో ఎవరైనా సరిచూడవచ్చు గాని, బహిరంగ కీ నుంచి రహస్య కీని రాబట్టడం ఆచరణలో అసాధ్యం. ఆ కాలంలోనే ఐరోపాలో రూపుదిద్దుకున్న స్మార్ట్‌కార్డు చిప్పు ఆ తరువాత ఈ రహస్య కీకి నెలవైంది.

తహసీల్దారు ఆమోదం తెలపగానే ఆ రికార్డు నుంచి హాష్ అనే 256 బిట్ల సారాంశ సంఖ్య తయారవుతుంది. సర్వే నంబరులో ఒక్క అంకె మారినా ఈ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ సంఖ్య పరికరంలోకి వెళ్లాక, పిన్ సరిపోతే, అందులోని చిప్పు 2048 బిట్ల రహస్య కీతో లెక్క కట్టి సంతకాన్ని మాత్రమే బయటికి పంపుతుంది. రహస్య కీ చిప్పులోనే పుడుతుంది, దాన్ని బయటికి తీసే ఆదేశం దేనికీ చిప్పు లొంగదు, పిన్ వరుసగా తప్పితే పరికరమే లాక్ అవుతుంది. కంప్యూటరులో వైరస్ చేరినా రహస్య కీకి నకలు తీయలేదు. పాస్‌వర్డుకు ఎన్నటికీ రాని బలం ఇదే.

ఇలాంటి సంతకానికి మన దేశంలో చట్టబద్ధత కల్పించిన సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైన ఈ-ప్రొక్యూర్‌మెంట్‌తో డిజిటల్ సంతకం కాంట్రాక్టర్లకూ, 2011లో మొదలైన మీసేవతో రెవెన్యూ అధికారులకూ నిత్యవ్యవహారమైంది.

అయితే చిప్పుకు తెలిసేది పిన్ ఒక్కటే, దాన్ని కొట్టిన మనిషి ఎవరన్నది తెలియదు. అధికారుల డిజిటల్ కీ ఇతరుల చేతికి చేరి భూరికార్డులు మారిన ఉదంతాలు రాష్ట్రంలో వార్తలకెక్కాయి. గణితాన్ని ఛేదించలేనివారికి కార్యాలయపు అలవాటు దారి ఇచ్చిందన్నమాట. పైగా పరికరానికి తెర లేనందున తాను దేనిపై సంతకం చేస్తున్నదీ అది చూపలేదు. 2019లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన వెబ్‌ఆథ్న్ పద్ధతిలోని కొత్త తరం కీలు వెబ్‌సైటు చిరునామాను కూడా లెక్కలో కలిపి నకిలీ సైటును తిప్పికొడతాయి గాని, కీనీ పిన్‌నూ కలిపి మరొకరికి అప్పగిస్తే అవీ చేయగలిగిందేమీ లేదు. రహస్య కీ తన అదుపులోనే ఉండేలా తగిన జాగ్రత్త వహించాలనీ, అదుపు తప్పితే ఆ కీకి ధ్రువపత్రం జారీచేసిన సంస్థకు వెంటనే తెలపాలనీ చట్టంలోని 42వ సెక్షన్ ఆదేశిస్తుంది. ఆ ధ్రువపత్రం రద్దయ్యాక చేసే సంతకం చెల్లదు. కాని అప్పటికే ఆమోదం పొందిన మార్పులను సరిచేయించుకునేందుకు కార్యాలయం చుట్టూ తిరగవలసింది మాత్రం రైతే.