ముగ్గుపిండి కాదు

మొన్న ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్ తలుపు తీసి బెండకాయ ముక్కల ప్యాకెట్ పట్టుకున్నాను. బిల్లు కట్టబోతే రెండు వేళ్ళు నావి కావన్నట్టున్నాయి. కొసలు సున్నం రాసినట్టు తెల్లబడి, తర్వాత నీలమై, ఇంటికొచ్చాక ఎర్రబడి సలిపాయి.

చికాగోలో మూడు చలికాలాలుగా ఇదే వరస. మొదట్లో ఫోన్‌లో చెబితే "ఒంట్లో రక్తం లేదే నీకు, ఖర్జూరాలు తిను" అంది అమ్మ. తిన్నాను. పరీక్షలో రక్తం బాగానే ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి వేళ్ళు మామూలైపోయేవి. "ఈసారి ఫోటో తీయండి" అన్నారావిడ. మన చామనఛాయ మీద ఈ రంగులు అంత తేలిగ్గా తెలియవు. గోళ్ళ కింద, అరచేతి వైపు చూడాలి. ఫోటో చూసి 'రేనాడ్స్' అన్నారు. 1862లో దీని గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడి పేరది. రక్తం తక్కువై కాదు, చలి తగలగానే వేళ్ళలోని సన్నటి రక్తనాళాలు మరీ బిగుసుకుపోవడం వల్ల వస్తుంది.

చాలామందికి ఇది ప్రమాదం కాదు. కానీ ముప్ఫై దాటాక మొదలైనా, ఒక్క చేతికే వచ్చినా, వేళ్ళ కొసల్లో పుండ్లు పడినా, కీళ్ళనొప్పులున్నా, చర్మం బిగుసుకుంటున్నా వెనక లూపస్, స్క్లెరోడెర్మా లాంటివి ఉండొచ్చు. నాకు ముప్ఫై ఎనిమిది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా నిద్రలేదు. ఏమీ లేదన్నారు.

నేర్చుకున్నదేమిటంటే, చేతులకంటే ముందు ఛాతీ, తల వెచ్చగా ఉండాలి. ఒళ్ళు చల్లబడితే గ్లవ్స్ ఒక్కటే ఆదుకోవు. నాలుగు వేళ్ళూ ఒకే అరలో ఉండే మిటెన్స్ మేలు. వేళ్ళు తెల్లబడితే గోరువెచ్చటి నీళ్ళే వాడాలి. మొద్దుబారిన వేలికి కాలినా తెలియదు. సిగరెట్ మానాలి. జలుబుకీ, మైగ్రేన్‌కీ వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి, అడిగి వాడాలి. ఇవేవీ చాలకపోతే నిఫెడిపిన్ లాంటి మందులున్నాయి.

ఇదంతా అమ్మకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. నాన్న ఉద్యోగం పాడేరులో ఉన్నప్పటి మాట చెప్పింది.

"ధనుర్మాసంలో ముగ్గేసి లేస్తే నా వేళ్ళూ అలాగే తెల్లబడేవే. ముగ్గుపిండి అనుకుని కడుక్కునేదాన్ని. కడిగినకొద్దీ ఇంకా తెల్లబడేవి."

"చన్నీళ్ళతోనా అమ్మా?"

"మరి పొయ్యి వెలిగించకముందు వేణ్ణీళ్ళెక్కడివి?"