బల్లి గోడను ఎలా పట్టుకుంటుంది?

పంచాంగంలో బల్లిపాటు ఫలితాలకు చోటు ఉంటుంది. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే మరొకటి. నన్నడిగితే, బల్లి పడటం కాదు వింత. గంటల తరబడి పైకప్పుకు తలకిందులుగా ఉండి కూడా పడకపోవడమే వింత.

దాని కాళ్ళకు జిగురు లేదు. గాలిని పీల్చి అతుక్కోవడమూ కాదు. గాలి తీసేసిన పాత్రలో పెట్టి చూసినా పట్టు సడలలేదు.

రహస్యం వేళ్ళ అడుగున ఉంది. అక్కడి అడ్డమడతల నిండా కంటికి ఆనని నూగు ఉంటుంది. టోకే అనే పెద్ద బల్లికి పాదానికి సుమారు 5 లక్షల వెంట్రుకలు. ఒక్కో వెంట్రుక చివర వందల పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ కొస వెడల్పు మిల్లీమీటరులో 5 వేలవ వంతు.

అంత సన్నం ఎందుకు? ఎంత నున్నని గోడైనా దగ్గరగా చూస్తే గుట్టలూ గుంతలే. మనం అరచేయి ఆనిస్తే నిజంగా తగిలేది కొన్ని గుట్టల తలలకే. బల్లి కొసలు గుంతల్లోకీ దిగుతాయి. అప్పుడు వాండర్‌వాల్స్ బలం (బాగా దగ్గరకొచ్చిన అణువుల మధ్య పుట్టే స్వల్ప ఆకర్షణ) పనిచేస్తుంది.

2000లో జీవశాస్త్రవేత్త కెల్లర్ ఆటమ్ బృందం ఒక్క వెంట్రుక పట్టును కొలిచింది. సుమారు 200 మైక్రోన్యూటన్లు, అంటే ఒక చీమను మోసేంత. 5 లక్షలతో హెచ్చవేయండి: అన్నీ ఒకేసారి ఆనితే ఒక్క పాదం 10 కిలోలు ఆపగలదు! అన్నీ ఎప్పుడూ ఆనవనుకోండి.

మరి అడుగు తీసేదెలా? గోడతో వెంట్రుక చేసే కోణం 30 డిగ్రీలు దాటితే పట్టు దానంతటదే వదులుతుంది. అందుకే బల్లి వేళ్ళను కొస నుంచి పైకి చుడుతుంది, మనం టేపును అంచు నుంచి ఒలిచినట్టు.

ఈ విద్య మనిషికి పట్టుబడదు. ఒళ్ళు పొడవు రెట్టింపైతే, పట్టుకు చోటిచ్చే చర్మం వైశాల్యం 4 రెట్లు, బరువు మాత్రం 8 రెట్లు పెరుగుతాయి. మనం గోడెక్కాలంటే ఒంటి చర్మంలో 40 శాతం అంటుకునే మెత్తలే కావాలని 2016లో ఒక లెక్క తేలింది.

మరక మిగల్చని, గాలి లేకున్నా పనిచేసే పట్టు కనుక నాసా ఇంజనీర్లు దీన్ని అనుకరించి అంతరిక్షంలో వస్తువులను పట్టే పరికరాలు చేస్తున్నారు. బల్లి ఓడిపోయేది మాత్రం మన వంటింట్లోనే: నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్ మీద, అది పొడిగా ఉన్నప్పుడు, బల్లి కాలు నిలవదు.