ట్రిగ్గర్ నొక్కకపోవడమే తొలి పాఠం!

తెల్లవారుజామున నాలుగింటికే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. అమ్మ ఫ్లాస్కులో కాఫీ పోస్తుంది. నాన్న ఐస్‌బాక్సులు బండిలోకి ఎక్కిస్తాడు. ఆరేళ్ల బుడతడు నిద్రకళ్లతోనే నారింజరంగు కోటు తొడుక్కుంటాడు. ఇంతకీ ప్రయాణం ఎక్కడికి? పిక్నిక్‌కి కాదు, వేటకి! అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో సెప్టెంబరు, అక్టోబరు నెలలొచ్చాయంటే చాలా ఇళ్లలో ఇదే సందడి.

'పసివాణ్ని వెంటబెట్టుకుని జింకల వేటా?' అని మనకు ఒళ్లు జలదరిస్తుంది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడితే ఊచలు లెక్కపెట్టాల్సిందే. అక్కడ మాత్రం వేట నేరం కాదు. అలాగని ఎవరు పడితే వాళ్లు, ఎప్పుడు పడితే అప్పుడు తుపాకీ పట్టుకోవడానికీ లేదు. పిల్లలు వేటలో మొదట నేర్చుకునేది గురి పెట్టడం కాదు, ఆ కట్టుబాట్లే.

జింక కాని జింక

వాళ్లు వేటాడే జంతువు పేరు ప్రాంగ్‌హార్న్. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి పొట్ట, కొమ్ముకు ముందువైపు చిన్న కొక్కెంలాంటి పంగ. అందరూ 'యాంటిలోప్' అనే పిలుస్తారు కానీ, నిజానికి అది ఆ జాతిదే కాదు. దాని కుటుంబంలో ఈనాటికి మిగిలింది అదొక్కటే. బతికున్న జంతువుల్లో దానికి దగ్గరి చుట్టాలు ఎవరో తెలుసా... జిరాఫీ, ఒకాపీ!

ఇక పరుగంటారా, చీతా తరవాత స్థానం దానిదే. గంటకు దాదాపు 88 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. చీతా కాసేపటికే అలసిపోతుంది. ఇది మాత్రం గంటకు 56 కిలోమీటర్ల చొప్పున ఆరేడు కిలోమీటర్లు ఆగకుండా పోగలదు. ఇప్పుడక్కడున్న తోడేళ్లు, నక్కల్లాంటి కొయొటీల నుంచి తప్పించుకోవడానికి అంత వేగం అక్కర్లేదు. మరెందుకు? ఒకప్పుడు ఉత్తర అమెరికాలో చీతాను పోలిన జంతువు ఉండేదనీ, దాన్నుంచి ప్రాణాలు దక్కించుకోవడానికి నేర్చిన పరుగే ఇదనీ అంటారు జీవశాస్త్రవేత్త జాన్ బయర్స్. ఆ శత్రువు అంతరించి పన్నెండు వేల ఏళ్లు దాటినా పరుగు మాత్రం మిగిలిపోయిందన్నమాట.

పోయి... తిరిగొచ్చి...

అంత పరుగున్న జంతువూ తుపాకీ ముందు ఓడిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లొచ్చాయి, కంచెలొచ్చాయి, మాంసం అమ్ముకునే వేటగాళ్లొచ్చారు. ఒకప్పుడు కోట్లలో తిరిగిన మందలు 1920ల నాటికి సుమారు 13 వేలకు పడిపోయాయని అంచనా. అప్పుడు ప్రభుత్వాలు మేలుకున్నాయి. చాలాచోట్ల ఏళ్ల తరబడి వేటను ఆపేశాయి. చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువుల్ని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించకుండా 1900లోనే లేసీ చట్టం వచ్చింది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను డబ్బుని వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. వేట లైసెన్సుల సొమ్మూ దానికి తోడైంది. వేటగాడి జేబులోంచి వచ్చిన డబ్బే వేట జంతువును నిలబెట్టిందంటే వింతే కదూ!

ఇప్పుడు ప్రాంగ్‌హార్న్‌లు మళ్లీ లక్షల్లో ఉన్నాయి. అన్ని రాష్ట్రాల్లోకీ వ్యోమింగ్‌లోనే ఎక్కువ. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికంటే కాస్త చిన్నదైన ఆ నేలమీద 2020 లెక్కల ప్రకారం జనాభా 5.77 లక్షలే. మన గుంటూరు నగరమంత కూడా లేదు!

లాటరీ తగిలితేనే...

వేటాడాలంటే నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. లాటరీలో పేరొస్తే ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో వేటాడాలో ముందే రాసిపెట్టిన లైసెన్సు ఇస్తారు. దాంతోపాటే ఒక ట్యాగు. ఒక ట్యాగుకు ఒక్కటే జంతువు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరవాత అరగంట వరకే సమయం. రోడ్డు మీది నుంచి కాల్చకూడదు. వేరొకరి పొలమైతే అనుమతి తీసుకోవాలి. తుపాకీతో వేటాడేవాళ్లు కళ్లకు కొట్టొచ్చే నారింజ లేదా గులాబీరంగు దుస్తులు వేసుకోవాలి. ఇలాంటి పెద్ద జంతువుల్ని వేటాడాలంటే పన్నెండేళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు చూడ్డానికే వెళ్లాలి.

చూడ్డమంటే చిన్న పనేం కాదు. చెట్టూచేమా లేని మైదానంలో అది మైళ్ల దూరం నుంచే మనిషిని పసిగడుతుంది. సేజ్‌బ్రష్ పొదల చాటున నాన్న వెనకాలే మోకాళ్ల మీద పాకాలి. నాగజెముడు ముళ్లు గుచ్చుకున్నా కిక్కురుమనకూడదు. తీరా దగ్గరికొచ్చాక నాన్న తుపాకీ దించేస్తాడు. 'ఎందుకు కొట్టలేదు నాన్నా?' అంటాడు పిల్లాడు. 'దాని వెనకాల ఇంకోటి ఉందిగా. తూటా దాటిపోయి దానికీ తగిలితే?' ఒక్కోసారి దూరం ఎక్కువవుతుంది, ఒక్కోసారి గాలి ఉద్ధృతంగా వీస్తుంది. గురి తప్పి గాయపడిన జంతువు ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. అందుకే అనుమానముంటే కాల్చకూడదన్నదే ఆ పిల్లలకు తొలి పాఠం.

కన్నీళ్లూ వస్తాయి

కాల్చాక? కొందరు పిల్లలు ఏడ్చేస్తారు. తెలివైన తల్లిదండ్రులు 'మగాడివి, ఏడవకూడదు' అనరు. పక్కన కూర్చోబెట్టుకుంటారు. చలిని ఆపే ఆ బోలు వెంట్రుకల్ని తాకనిస్తారు. పొట్ట చీల్చాక ఒంటికి మించిన గుండె, ఊపిరితిత్తులు, వెడల్పాటి శ్వాసనాళం కనిపిస్తాయి. ఆ పరుగు రహస్యమంతా అక్కడే ఉంది! ఎండ ముదిరితే మాంసం పాడవుతుంది కాబట్టి వెంటనే తోలు తీసి ఐస్‌బాక్సులో పెట్టేస్తారు. తినదగ్గ మాంసాన్ని పారేస్తే వ్యోమింగ్‌లో అది నేరం. కొంత కూరకి, మిగతాది మన ఒరుగుల్లాంటి జెర్కీకి.

ఇందులోనూ ఓ జాగ్రత్త ఉంది. సీసపు తూటాల తునకలు మాంసంలో మిగిలిపోతాయని తేలడంతో, అలాంటి వేటమాంసం ఆరేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ పెట్టొద్దని 2008లో నార్త్ డకోటా ఆరోగ్యశాఖ హెచ్చరించింది. అందుకే పిల్లలున్న ఇళ్లలో రాగి తూటాలు మేలంటారు.

అయినా ఇదంతా పిల్లలకు అవసరమా అని అడిగేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. చావును చూసి చూసి పసిమనసు మొద్దుబారుతుందన్నది వాళ్ల భయం. కొట్టులో పొట్లం కట్టిన మాంసం కొనుక్కుని, అదో ప్రాణమని మర్చిపోవడమే అసలు మొద్దుబారడం అన్నది వేట కుటుంబాల జవాబు.

ఈ వాదన ఎటు తేలినా, ఆ జంతువుకు ప్రమాదం తుపాకీతోనే రాదు. 2022-23 శీతకాలంలో మంచు ముంచెత్తింది, ఊపిరితిత్తుల జబ్బూ తోడైంది. వ్యోమింగ్ పశ్చిమాన సబ్లెట్ మందలో సగానికి పైగా చనిపోయాయి. దాంతో 2023లో లైసెన్సుల్ని వేల సంఖ్యలో తగ్గించేశారు. కంచెల్ని దూకడం ఇష్టపడని జంతువది, కింది నుంచే దూరిపోతుంది. అందుకే అడుగు తీగను ముళ్లు లేకుండా ఎత్తుగా కట్టమంటున్నారు. పైన్‌డేల్ దగ్గర ట్రాపర్స్ పాయింట్‌లో 2012 నుంచి అవి రోడ్డు దాటడానికి ప్రత్యేకంగా వంతెనలే ఉన్నాయి.

చీతాను మించి ఓపిగ్గా పరుగెత్తడం ప్రాంగ్‌హార్న్‌కి తెలుసు. తూటాను మించి పరుగెత్తడం మాత్రం దాని తరం కాదు. ఆ లోటును మనిషి చెయ్యే పూడ్చాలి... సమయానికి ఆగి! ఆరేళ్ల వయసులో పొదలచాటున ఆ ఆగడం నేర్చిన పిల్లలు పన్నెండేళ్లకు తుపాకీ పట్టినా మర్చిపోకూడదన్నదే అక్కడి అమ్మానాన్నల ఆశ.