తోకల, నో ల తోకెస్: స్పానిష్‌లో "ముట్టుకో", "ముట్టుకోకు" తేడా పట్టుకోవడం ఎలా?

పోయిన ఎపిసోడ్‌లో ప్రెజెంట్ టెన్స్ అయిపోయింది. ఈరోజు ఫ్రెండ్స్‌తో, రూమ్మేట్స్‌తో వాడే కమాండ్స్ చూద్దాం. అంటే "రా", "చెప్పు", "ముట్టుకోకు" లాంటివి. వాటికి అతుక్కుని వచ్చే "దాన్ని", "వాణ్ని", "నన్ను" కూడా ఇందులోనే కవర్ చేసేద్దాం.

ఈ టాపిక్ ఎందుకంటే, మాడ్రిడ్‌లో మాస్టర్స్ చేస్తూ సాయంత్రాలు ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ చేసే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, క్లాస్‌లో అంతా అర్థమవుతుంది. కిచెన్‌లో చెఫ్ స్పీడ్‌గా అరిస్తే మాత్రం ముట్టుకో అన్నాడో, ముట్టుకోకు అన్నాడో తెలియట్లేదు" అని. కాలిపోతున్న పెనం ముందు నిలబడితే ఇది చిన్న డౌట్ కాదు కదా.

ముందు ఒక చిన్న రూల్. నేను స్పానిష్ మాటల్ని తెలుగులో రాసేటప్పుడు, దీర్ఘం ఉన్న చోట ఒత్తి పలకండి. స్పెల్లింగ్‌లో "హెచ్" ఉన్నా పలకరు. "వి" అక్షరాన్ని మన "బ" లాగా పలుకుతారు.

చెయ్యి అనడం చాలా ఈజీ

"అతను మాట్లాడతాడు" అనడానికి స్పానిష్‌లో "ఆబ్ల" అంటారు. "నువ్వు మాట్లాడు" అనడానికి కూడా అదే, "ఆబ్ల". "కోమె" అంటే తింటాడు, తిను కూడా. "ఎస్క్రీబె" అంటే రాస్తాడు, రాయి కూడా. గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది.

దీనికి లొంగనివి ఎనిమిది ఉన్నాయి, అన్నీ పొట్టివే. బేన్ (రా), దీ (చెప్పు), సాల్ (బయటికి వెళ్లు), ఆస్ (చెయ్యి), తేన్ (ఉంచుకో, పట్టుకో), బే (వెళ్లు), పోన్ (పెట్టు), సే (ఉండు, అంటే మంచిగా ఉండు లాంటి చోట). ఈ "ఆస్"ని స్పెయిన్‌లో చాలా చోట్ల నాలుక పళ్ల మధ్య పెట్టి "ఆథ్" అన్నట్టు పలుకుతారు. రోజంతా వినిపించేవి ఇవే, కాబట్టి బట్టీ కొట్టేయండి.

చెయ్యకు అనేటప్పుడు తెలుగులో ఆలోచించండి

ఇక్కడే మనలో చాలామంది ఇంగ్లిష్ నుంచి ఆలోచిస్తారు. ఇంగ్లిష్‌లో ముందు "డోంట్" పెడితే చాలు, వెనక క్రియ అలాగే ఉంటుంది. అదే లెక్కలో "ఆబ్ల" ముందు "నో" పెట్టేస్తారు. అది తప్పు.

తెలుగులో మనం ఏం చేస్తాం? "చెప్పు" కాస్తా "చెప్పకు" అవుతుంది. "తిను" కాస్తా "తినకు" అవుతుంది. అంటే క్రియ చివరే మారిపోతుంది. స్పానిష్‌లోనూ అంతే, పైగా ముందు "నో" కూడా వస్తుంది. "ఆబ్ల" అయితే "నో ఆబ్లెస్". "కోమె" అయితే "నో కోమస్". "ఎస్క్రీబె" అయితే "నో ఎస్క్రీబస్".

ప్యాటర్న్ గమనించారా? చివర "అ" ఉంటే "ఎస్" అయింది. చివర "ఎ" ఉంటే "అస్" అయింది. అచ్చులు ప్లేస్ మార్చుకున్నాయి, అంతే. ఆ ఎనిమిది పొట్టివి మాత్రం వాటి దారి వాటిదే. "పోన్"కి "నో పోంగస్", "దీ"కి "నో దీగస్", "ఆస్"కి "నో ఆగస్", "బే"కి "నో బాయస్".

"దాన్ని" మింగెయ్యకండి

ఇప్పుడు తెలుగు అలవాటు మనకి అడ్డొచ్చే చోటు. ఇంట్లో "కత్తి కడిగావా?" అంటే "లేదు" అంటాం. "అయితే కడుగు" అంటారు. "దాన్ని కడుగు" అని ఎవరూ అనరు. తెలుగులో "దాన్ని" మింగేసినా నడుస్తుంది.

స్పానిష్‌లో ఏ వస్తువు గురించో ఇద్దరికీ తెలిసినా, ఆ "దాన్ని" పలకాల్సిందే. ఉత్త "లావ" (కడుగు) అంటే అవతలివాళ్లకి వాక్యం సగంలో ఆగినట్టు ఉంటుంది. ఆర్గ్యుమెంట్ ఇవ్వకుండా ఫంక్షన్ కాల్ చేసినట్టు అనుకోండి.

ఆ చిన్న మాటలు ఇవీ: మె (నన్ను), తె (నిన్ను), నొస్ (మమ్మల్ని, మనల్ని), లొ, ల (వాణ్ని, ఆమెని, దాన్ని), లొస్, లస్ (వాళ్లని, వాటిని).

లొ ఎప్పుడు, ల ఎప్పుడు? తెలుగులో కత్తికైనా పెనానికైనా "దాన్ని" ఒక్కటే. స్పానిష్‌లో వస్తువులకీ లింగం ఉంది. కత్తి "ఎల్ కుచీయొ", పుంలింగం, కాబట్టి లొ. స్పెయిన్‌లో పెనం "ల సర్తేన్", స్త్రీలింగం, కాబట్టి ల. అందుకే కొత్త పదం నేర్చుకునేటప్పుడు ముందున్న ఎల్, లతో కలిపే నేర్చుకోండి. నీళ్లు మాత్రం ఒక ట్రాప్. "ఎల్ ఆగ్వ" అంటారు, కానీ అది స్త్రీలింగమే. "తాగు దాన్ని" అనాలంటే "బేబెల".

ఇంకో చోట తెలుగు మనకి హెల్ప్ చేస్తుంది. "పుస్తకం చదువు" అంటాం, "ని" లేకపోయినా పర్లేదు. కానీ "తమ్ముడు పిలువు" అనం, "తమ్ముణ్ని పిలువు" అంటాం. మనిషి వస్తే "ని" కావాలి. స్పానిష్‌లో ఆ పని చేసేది "ఆ" అనే చిన్న మాట. "యామ ఆ తు ఎర్మానొ" అంటే మీ తమ్ముణ్ని పిలువు. "వాణ్ని పిలువు" అంటే "యామలొ". స్పెయిన్‌లో మగవాళ్ల విషయంలో "యామలె" కూడా వినిపిస్తుంది, కంగారు పడకండి.

ఎక్కడ పెట్టాలి?

చెయ్యి అంటే వెనక, అతుక్కుని, ఒకే పదంగా. చెయ్యకు అంటే ముందు, విడిగా. అంతే రూల్.

"తోక" అంటే ముట్టుకో. మన తోక కాదు కానీ, గుర్తుపెట్టుకోడానికి పనికొస్తుంది. పాజిటివ్ కమాండ్‌కి తోక ఉంటుంది: "తోకల", దాన్ని ముట్టుకో. నెగటివ్‌లో ఆ తోక ఊడి ముందుకి వస్తుంది: "నో ల తోకెస్", దాన్ని ముట్టుకోకు. అలాగే "పోన్‌లొ" (పెట్టు దాన్ని), "నో లొ పోంగస్". "ఎస్పేరమె" (నా కోసం ఆగు), "నో మె ఎస్పేరెస్".

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. తోక తగిలించినా ఒత్తు పాత చోటే ఉంటుంది. "తోక"లో "తో" మీద ఒత్తు, "తోకల"లోనూ "తో" మీదే. పదం పొడవైంది కాబట్టి స్పానిష్ లిపిలో ఆ అచ్చు మీద చిన్న గీత పెట్టాలి. "పోన్‌లొ"కి అక్కర్లేదు, అది రెండు ముక్కలే. చాటింగ్‌లో ఈ గీత చాలామంది వదిలేస్తారు. ఎగ్జామ్‌లో అయితే అది స్పెల్లింగ్ తప్పే.

ఇప్పుడు కిచెన్‌కి వద్దాం

"నో ల తోకెస్, కేమ!" అంటే "ముట్టుకోకు, కాలుతుంది". ఎగ్జాస్ట్ ఫ్యాన్ సౌండ్‌లో ఆ "నో" వినపడలేదనుకోండి. అయినా ఇంకా రెండు క్లూస్ ఉన్నాయి. ఒకటి, "ల" క్రియకి ముందు వచ్చింది. రెండు, చివర "తోక" కాదు, "తోకెస్". నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ పోయినా మెసేజ్ రికవర్ అయినట్టు, ఈ రెండిట్లో ఏది విన్నా చెయ్యి వెనక్కి తీసుకోండి. తెలుగువాడి చెవికి ఇది కొత్తేం కాదు. "ముట్టుకో", "ముట్టుకోకు" మధ్య తేడాని మనం చిన్నప్పట్నుంచీ పదం చివరే వింటున్నాం.

ఎవరితో వాడకూడదు?

ఇవన్నీ "నువ్వు" ఫామ్స్. "మీరు" అనాల్సిన చోట వేరే ఫామ్ ఉంది. స్పెయిన్‌లో ఫోన్ ఎత్తి "దీగమె" అంటారు, అంటే అచ్చంగా మన "చెప్పండి". ఫ్రెండ్‌తో అయితే "దీమె", చెప్పు. అర్జెంటీనాలో "నువ్వు"కే వేరే మాట ఉంది, అక్కడ ఒత్తు చివరికి వెళ్తుంది. 2022 వరల్డ్ కప్‌లో నెదర్లాండ్స్ మ్యాచ్ అయ్యాక మెస్సీ "అందా" అన్న క్లిప్ చూసే ఉంటారు. "వెళ్లు" అనే ఆ మాట ఈ టైపే.

ఇక మీ వంతు. నాలుగు పాజిటివ్ ఇస్తున్నా, నెగటివ్ చెయ్యండి: కోమెలొ (తిను), లావలొస్ (ప్లేట్లు కడుగు), సియేర్రల (తలుపు వెయ్యి), కోంప్రలొ (కొను). ఆన్సర్స్: నో లొ కోమస్, నో లొస్ లావెస్, నో ల సియేర్రెస్, నో లొ కోంప్రెస్. చూడకుండా నాలుగూ వచ్చే వరకు పైకి చదవండి. నోటికి వస్తేనే చెవికి దొరుకుతుంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో "నాకు దాన్ని ఇవ్వు" చేద్దాం. అంటే ఒకే క్రియకి రెండు తోకలు. ఉంటా మరి, బై.