పంట నమోదులో అర్థ స్పష్టత: రిలేషనల్ డేటాబేస్‌కు భావనాత్మక నమూనా

ఆంధ్రప్రదేశ్‌లో పంటల బీమా, పెట్టుబడి రాయితీ, మద్దతు ధర కొనుగోళ్లకు ఈ-పంట నమోదు ఆధారం. ఇటువంటి నమోదులో ‘రైతు’ అంటే భూమి హక్కుదారా, సాగుదారా అన్నది ముందే నిర్వచించకపోతే పరిహారం నష్టపోయిన వ్యక్తికి చేరదు. కనిగిరి వంటి మెట్ట ప్రాంతాలలో కౌలు సాగుకు ఈ ప్రశ్న కీలకం.

నమూనా నేపథ్యం

1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో సమాచారమంతా పట్టికల రూపంలో ఉంటుంది. అయితే పట్టిక విలువలను భద్రపరుస్తుందే గాని వాటి అర్థాన్ని పూర్తిగా చెప్పదు. ఈ లోపాన్ని పూరించడానికి 1976లో పీటర్ చెన్ వాస్తవ ప్రపంచాన్ని అంశాలు, లక్షణాలు, సంబంధాలుగా వర్ణించే పద్ధతిని సూచించారు. పట్టికల నిర్మాణానికి ముందు సిద్ధం చేయవలసిన ఈ వర్ణనే భావనాత్మక నమూనా.

మెట్ట సేద్యానికి అన్వయం

సర్వే నంబరు, రైతు పేరు, పంట, విస్తీర్ణం అనే నాలుగు గడులతో ఒకే పట్టిక ఉన్నదనుకుందాం. అందులో కౌలుదారుకు చోటు లేదు. సజ్జలో కంది వేసిన పొలానికి ఒక్క పంటే నమోదవుతుంది. రెండు పంటలకూ పూర్తి విస్తీర్ణం రాస్తే మండల లెక్కలో ఆ పొలం విస్తీర్ణం రెట్టింపవుతుంది. ఒకే పంటను ఒకచోట మిరప అని, మరొకచోట మిర్చి అని రాస్తే లెక్క చీలిపోతుంది.

భావనాత్మక నమూనాలో వ్యక్తి, భూఖండం, పంట, సీజన్ వేర్వేరు అంశాలు. యాజమాన్యం, కౌలు, సాగు వాటి మధ్య సంబంధాలు. కౌలుకు ప్రారంభ, ముగింపు తేదీలు ఉండాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఒప్పంద కాలం 11 నెలలు. అంతర పంటల సాళ్ల నిష్పత్తి సాగు సంబంధానికి చెందిన లక్షణం. దాని ప్రకారం విస్తీర్ణాన్ని విభజించాలి. ప్రతి పంటకు ఒకే సంకేతం కేటాయించి, వాడుక పేర్లను దానికి జతచేయాలి.

వీక్షణాలు

ఒకే మూల సమాచారం నుండి బీమా అధికారికి సాగుదారు, పంట వివరాలు. రెవెన్యూ సిబ్బందికి యజమాని వివరాలు. శాస్త్రవేత్తకు పేర్లు లేకుండా రకం, విత్తిన తేదీ కనిపించేలా వీక్షణాలు ఏర్పరచవచ్చు. సాధారణ వీక్షణం వేరు నకలు కాదు, భద్రపరచిన ప్రశ్న మాత్రమే. కాబట్టి మూలంలో చేసిన సవరణ తిరిగి చూసినప్పుడు అన్నింటిలోనూ ప్రతిఫలిస్తుంది.

ముగింపు

పట్టికలను నిర్మించేది కంప్యూటర్ నిపుణులే అయినా, సాగు, కౌలు, అంతర పంట వంటి మాటల నిర్వచనం క్షేత్రం తెలిసినవారి బాధ్యత. అందుచేత విస్తరణ శాస్త్రవేత్తలు నమోదు పత్రం రూపొందే దశలోనే పాల్గొనడం అవసరం.