25 క్లబ్బులు.. ఒక గోల్‌కీపర్

ఒక రెజ్యూమె మీ టేబుల్ మీదకు వచ్చిందనుకోండి. హెచ్‌ఆర్ మీరే. మొదటి ఉద్యోగం మలేసియాలో. తర్వాత ఇంగ్లండ్‌లో రెండు పెద్ద పేర్లు, రెండు చోట్లా బెంచ్ మీదే. అవి కాక దక్షిణాఫ్రికా, సింగపూర్, ఫిన్లాండ్, జర్మనీ, న్యూజిలాండ్, నార్వే, కెనడా, అల్బేనియా, ఆస్ట్రేలియా, బ్రెజిల్, నమీబియా. మొత్తం దాదాపు 25 చోట్ల పని. చాలాచోట్ల ఏడాది కూడా నిండలేదు. మధ్యలో 101 రోజుల గ్యాప్. ఎందుకని అడిగితే, జైలు.

చాలామంది రెండో పేజీ తిప్పకుండానే పక్కన పెట్టేస్తారు. కానీ 2020లో అమెరికాలోని ఒక కొత్త ఫుట్‌బాల్ క్లబ్ ఈ రెజ్యూమె ఉన్న మనిషినే పిలిచి, జట్టును సున్నా నుంచి కట్టే పనిని అతని చేతిలో పెట్టింది.

అతని పేరు లుట్జ్ ఫానెన్‌ష్టీల్. జర్మనీ గోల్‌కీపర్. మెస్సీ, రొనాల్డో లాంటి పేరు కాదు. ఫుట్‌బాల్ బాగా చూసేవాళ్లలో కూడా చాలామంది విని ఉండరు. అయినా ఒక రికార్డు అతనిది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కింద ఆరు ప్రాంతీయ సమాఖ్యలున్నాయి: యూరప్, ఆసియా, ఆఫ్రికా, ఓషియానియా, ఉత్తర మధ్య అమెరికా-కరీబియన్, దక్షిణ అమెరికా. ఈ ఆరింటిలోనూ ప్రొఫెషనల్‌గా ఆడిన తొలి ఫుట్‌బాలర్ అతనే.

రెండేళ్లకో కంపెనీ మారాలా, ఉన్నచోటే ఉండాలా అని మనలో చాలామంది తలపట్టుకుంటాం. ఈ విషయంలో ఇతని కథ చదవదగింది. స్ఫూర్తి కోసం మాత్రమే కాదు, హెచ్చరిక కోసం కూడా.

రోజు కూలి ఆటగాళ్లు

ఇలా క్లబ్ తర్వాత క్లబ్ మారే ఆటగాడిని ఇంగ్లిష్‌లో ‘జర్నీమన్’ అంటారు. జర్నీ అంటే ప్రయాణం కదా అనుకుంటాం. అసలు ఆ మాట ‘రోజు’ అనే అర్థమున్న ఫ్రెంచ్ పదం నుంచి వచ్చింది. పని పూర్తిగా నేర్చుకున్నా సొంత దుకాణం లేక, రోజు లెక్కన కూలికి చేసే చేతివృత్తివాడు జర్నీమన్. ఫానెన్‌ష్టీల్ పుట్టిన జర్మనీలో ఇంకో సంప్రదాయం ఉంది. శిక్షణ పూర్తయిన వడ్రంగులు, తాపీ పనివాళ్లు మూడేళ్ల ఒక్క రోజు ఊరూరా తిరుగుతూ పని నేర్చుకుంటారు. ఇప్పటికీ కొందరు పాటిస్తున్నారు.

కాబట్టి జర్నీమన్ అంటే పని రానివాడు కాదు. పని వచ్చు, స్థిరమైన చోటు లేదు. అంతే తేడా.

గోల్‌కీపర్లకు ఈ తిప్పలు ఇంకొంచెం ఎక్కువ. మైదానంలో మిగతా పది స్థానాల్లో ఎక్కడో ఒకచోట సర్దుకోవచ్చు. గోల్ ముందు నిలబడేది ఒక్కడే. మొదటి కీపర్‌కి దెబ్బ తగిలితేనో, ఫామ్ పోతేనో తప్ప రెండోవాడికి ఛాన్స్ రాదు. సాఫ్ట్‌వేర్‌లో బెంచ్ మీద కూర్చున్నవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. జీతం వస్తుంది, చేతిలో పని తుప్పు పడుతుంది.

పెద్ద బోర్డు వద్దన్నాడు

ఫానెన్‌ష్టీల్ 1973లో బవేరియా అడవుల్లోని జ్వీజెల్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. గాజు తయారీకి పేరున్న ఊరు. కుర్రాడిగా ఉన్నప్పుడే బయర్న్ మ్యూనిక్ నుంచి పిలుపొచ్చింది. అయితే అది అమెచ్యూర్ జట్టుకి. మన కుర్రాడికి కావాల్సింది ప్రొఫెషనల్ కాంట్రాక్టు. అందుకే కాదని, 1993లో మలేసియాలోని పెనాంగ్ జట్టుకి వెళ్లిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు, అటూ ఇటూగా.

ఇంట్లో ఏమనుకొని ఉంటారో ఊహించుకోవచ్చు. మన దగ్గరైతే ‘అంత పెద్ద కంపెనీ వదిలేసి ఎక్కడికో పోతావా’ అని చుట్టాలందరూ ఫోన్ చేసేవాళ్లు.

తర్వాత ఇంగ్లండ్ నుంచి అవకాశాలు వచ్చాయి. వింబుల్డన్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్.. రెండూ పేరున్న క్లబ్బులే. కానీ ప్రధాన జట్టు తరఫున ఒక్క లీగ్ మ్యాచ్ కూడా దక్కలేదు. బోర్డు పెద్దదైనా మైదానంలోకి దిగే వీలు లేదు. అక్కడి నుంచి అతని దారి మారింది. ఆడనిచ్చే చోటు ఎక్కడుంటే అక్కడికే ప్రయాణం.

ఈ దారిలో క్యాలెండర్ కూడా ఒక పనిముట్టే. ఫిన్లాండ్, నార్వే లాంటి మంచు దేశాల్లో లీగ్ వసంతంలో మొదలై శరదృతువుకి ముగుస్తుంది. న్యూజిలాండ్‌లో అప్పుడే వేసవి వస్తుంది. ఒకచోట సీజన్ అయిపోతే ఇంకోచోట మొదలవుతుంది. కెనడాలో కాల్గరీ మస్టాంగ్స్, న్యూజిలాండ్‌లో ఒటాగో యునైటెడ్.. భూగోళం రెండు కొసలనూ అతను ఇలాగే కలిపాడు. చివరికి 2008లో బ్రెజిల్‌లోని శాంటా కటరీనా రాష్ట్రానికి చెందిన హెర్మన్ ఐషింగర్ అనే చిన్న క్లబ్‌కి ఆడాడు. ఆరో సమాఖ్య కూడా పూర్తయింది.

మూల్యం ఎంత?

ఇంతవరకు చదివితే భలే సరదా జీవితం అనిపిస్తుంది. సరదాలూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో ఉన్నప్పుడు ఒక పెంగ్విన్‌ని ఇంటికి తెచ్చుకుని స్నానాల తొట్టిలో పెట్టుకున్నానని తనే చెప్పుకున్నాడు. అది నేరమని తెలిశాక తీసుకెళ్లి వదిలేశాడు.

అన్నిసార్లూ అంత తేలిగ్గా బయటపడలేదు. సింగపూర్‌లో గేలాంగ్ యునైటెడ్‌కి ఆడుతున్నప్పుడు మ్యాచ్ ఫిక్సింగ్‌కి సంబంధించిన లంచం కేసు మీద పడింది. 2001లో కోర్టు దోషిగా తేల్చి అయిదు నెలల శిక్ష వేసింది. 101 రోజులు జైల్లో గడిపాడు. తాను ఏ తప్పూ చేయలేదనే అతను మొదటి నుంచీ చెబుతున్నాడు. తీర్పు మాత్రం తీర్పుగానే ఉంది. ఎవరి మాట నిజమనేది ఇక్కడ తేల్చే విషయం కాదు. ఒకటి మాత్రం గమనించాలి. పరాయి దేశంలో ఎవరితో కూర్చుంటున్నాం, ఏం మాట్లాడుతున్నాం అనే చిన్న విషయాలు కూడా అక్కడి చట్టం ముందు పెద్దవైపోతాయి. సొంత ఊర్లో అయితే నాలుగు తలుపులు తట్టొచ్చు. అక్కడ తట్టడానికి తలుపులు కూడా తెలియవు.

ఆ తర్వాతి ఏడాది ప్రాణం మీదకే వచ్చింది. 2002 డిసెంబర్ 26. ఇంగ్లండ్ దిగువ లీగుల్లో ఆడే బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ తరఫున హారోగేట్ టౌన్‌తో మ్యాచ్. బంతి కోసం వచ్చిన ప్రత్యర్థి మోకాలు ఛాతీకి బలంగా తగిలింది. ఊపిరి ఆగిపోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. జట్టు ఫిజియో నోటితో ఊపిరి ఊది బతికించాడు. కోలుకున్నాక అతను మళ్లీ గ్లవ్స్ తొడిగాడు.

ఇది కోట్లు తెచ్చిపెట్టే పెద్ద లీగ్ కాదు. ఆ స్థాయిలో చాలామంది ఆటగాళ్లకు ఆట ఒక్కదానితో ఇల్లు గడవదు.

లెక్కలు చూద్దాం

మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ వేరు, ఎక్కువమంది బతికే ఫుట్‌బాల్ వేరు. ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో 2016లో ఒక సర్వే బయటపెట్టింది. 54 దేశాల్లో సుమారు 14 వేల మందిని అడిగారు. అందులో 45 శాతానికి పైగా నెలకు వెయ్యి డాలర్లలోపే సంపాదిస్తున్నారు. 41 శాతం మందికి అంతకుముందు రెండు సీజన్లలో ఏదో ఒకప్పుడు జీతం ఆలస్యమైంది. సగటు కాంట్రాక్టు రెండేళ్లు కూడా లేదు.

అంటే క్లబ్బులు మారడం చాలామందికి సరదా కాదు, గత్యంతరం లేక. రెండేళ్లు నిండేలోపే మళ్లీ ఉద్యోగ వేట. కుటుంబం ఒక దేశంలో, సామాన్లు ఇంకో దేశంలో, రావాల్సిన బాకీ మూడో దేశంలో.

దేశం మారడం కూడా టికెట్ కొన్నంత సులువు కాదు. పాత దేశపు ఫుట్‌బాల్ సంఘం అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ ఇవ్వాలి. మామూలుగా అది కొత్త సంఘానికి చేరాకే రిజిస్ట్రేషన్. సాధారణంగా అదీ ట్రాన్స్‌ఫర్ విండో తెరిచి ఉన్నప్పుడే. ఫిఫా నిబంధనల ప్రకారం ఒక సీజన్‌లో గరిష్ఠంగా మూడు క్లబ్బుల్లో రిజిస్టర్ కావచ్చు. మామూలుగా రెండింటికే అధికారిక మ్యాచ్‌లు ఆడొచ్చు. వీసా, వర్క్ పర్మిట్ వేరే గొడవ. యూరోపియన్ యూనియన్ పౌరులకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 1995 డిసెంబర్‌లో వచ్చిన బోస్‌మన్ తీర్పు తర్వాత, కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు పాత క్లబ్‌కి ఫీజు కట్టించకుండానే యూనియన్‌లోని మరో దేశపు క్లబ్‌కి వెళ్లిపోవచ్చు. ఏ పాస్‌పోర్టు ఉందన్నదాన్ని బట్టి కెరీర్ ఎంత మారిపోతుందో చూడండి.

జీతం ఎగ్గొడితే? 2018 నుంచి ఫిఫా నిబంధన స్పష్టంగా ఉంది. కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని బయటికి రావచ్చు. కానీ ఈ హక్కు వాడుకోవాలంటే ఒకటి కావాలి. సంతకాలున్న కాగితం. ‘మనం మనం చూసుకుందాంలే’ అన్న మాట ఎక్కడా చెల్లదు. గల్ఫ్‌కి వెళ్లి ఇబ్బంది పడినవాళ్లున్న ఊళ్లలో ఈ సంగతి ఎవరినడిగినా చెబుతారు.

మరి ఏం మిగిలింది?

ఇన్ని దేశాలు తిరిగి ఆట మానేసే నాటికి ఫానెన్‌ష్టీల్ దగ్గర పెద్ద ట్రోఫీల అలమరా లేదు. ఉన్నది వేరే. ఏ దేశంలో ఆట ఎంత వేగంగా ఉంటుంది, ఎక్కడి కుర్రాళ్లు కొత్త చోట కుదురుకుంటారు, ఏ క్లబ్ మాట మీద నిలబడుతుంది.. ఇవన్నీ చదివి కాదు, ఉండి తెలుసుకున్నాడు. ప్రతి దేశంలోనూ ఫోన్ ఎత్తే మనుషులున్నారు.

ఆ సరుకుకి గిరాకీ దొరికింది. జర్మనీ టాప్ లీగ్ క్లబ్ హోఫెన్‌హైమ్ 2011 నుంచి అతన్ని ఆటగాళ్లను వెతికే స్కౌటింగ్ విభాగంలో పెట్టుకుంది. 2018 చివర్లో ఫార్చునా డ్యూసెల్‌డార్ఫ్ క్రీడా వ్యవహారాల బాధ్యత అప్పగించింది. 2020లో సెయింట్ లూయిస్ సిటీ పిలిచింది. మొదట్లో చెప్పిన అమెరికా క్లబ్ ఇదే. అప్పటికి దానికి జట్టే లేదు. కోచ్ నుంచి ఆటగాళ్ల దాకా అందరినీ వెతకాలి. 2023లో ఆ జట్టు మేజర్ లీగ్ సాకర్‌లో అడుగుపెట్టింది. మొదటి అయిదు మ్యాచ్‌లూ గెలిచింది. ఆ లీగ్‌లో కొత్త జట్టు ఏదీ అంతకుముందు అలా మొదలుపెట్టలేదు. తొలి సీజన్‌లోనే వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానం. ప్లేఆఫ్స్‌లో తొలి రౌండ్‌లోనే ఓడిపోయింది, అది వేరే విషయం. గోల్ ముందు నిలబెట్టడానికి తెచ్చుకున్న రోమన్ బుర్కీ ఆ ఏడాది లీగ్ ఉత్తమ గోల్‌కీపర్. కీపర్‌ని పసిగట్టడం ఒక పాత కీపర్‌కి రాకపోతే ఎవరికొస్తుంది?

అలాగని ‘తిరగండి, అంతా మంచే జరుగుతుంది’ అని చెప్పడం మోసం. ఒక ఫానెన్‌ష్టీల్‌కి ఉద్యోగం దొరికితే, అలాగే తిరిగి ముప్ఫై అయిదేళ్లకు మోకాళ్ల నొప్పులతో, ఖాళీ ఖాతాతో ఇల్లు చేరినవాళ్లు ఎందరో. వాళ్ల గురించి ఎవరూ పుస్తకం రాయరు. తేడా అదృష్టంలో కొంత ఉంది. ఇంకొంత, వెళ్లిన ప్రతిచోటా ఆటతో పాటు ఇంకేదైనా నేర్చుకున్నాడా లేదా అన్నదాంట్లో ఉంది. పది చోట్ల పదేళ్లు పనిచేసినవాడికి పదేళ్ల అనుభవం ఉండొచ్చు. ఒకే ఏడాది అనుభవం పదిసార్లు ఉండే ప్రమాదమూ ఉంది.

మారే ముందు మూడు ప్రశ్నలు

మీ చేతిలో ఇప్పుడో ఆఫర్ లెటర్ ఉండొచ్చు. బెంగళూరుకో, దుబాయ్‌కో, డల్లాస్‌కో. సంతకం పెట్టే ముందు ఇవి అడిగి చూసుకోండి.

• అక్కడ నాకు పని దొరుకుతుందా, బోర్డు మాత్రమే దొరుకుతుందా? పేరు చూసి వెళ్లి బెంచ్ మీద రెండేళ్లు పోగొట్టుకుంటే ఆ రెండేళ్లు ఎవరూ తిరిగివ్వరు.

• జీతం, గడువు, బయటికొచ్చే షరతులు కాగితం మీద ఉన్నాయా? జీతం ఆగితే, ఆరోగ్యం పాడైతే, కేసులో ఇరుక్కుంటే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసా? ఆ నంబర్లు వెళ్లకముందే రాసి పెట్టుకోండి.

• ఈ చోటు వదిలేనాటికి నా దగ్గర కొత్తగా ఏం ఉంటుంది? జీతం పెరగడం ఒక్కటే జవాబైతే, వచ్చే ఆఫర్ వరకు ఆగడంలో తప్పేం లేదు.

మూడింటికీ జవాబు ఉంటే మారండి. 25 చోట్లయినా సరే. లేకపోతే ఇంకో ఏడాది ఇక్కడే ఉండి పని నేర్చుకోండి. అదీ కెరీర్‌లో భాగమే.