బడిలోని పాత కంప్యూటరుకు నాలుగు చిన్న మార్పులు

ఒకప్పుడు తెలుగునాట అక్షరాభ్యాసము చేసిన పిల్లవాని చేతిలోని పలక మార్కాపురపు గనులలో పుట్టినదై యుండుట సామాన్యమైన విషయము. పలకపై వ్రాయుదుము, తుడుచుదుము, మరల వ్రాయుదుము. అదే రాతిపై ఉలితో చెక్కిన శాసనమును మాత్రము తుడువలేము. ప్రతి కంప్యూటరులోను ఈ రెండు విధములైన జ్ఞాపకములు కలవు. ర్యామ్ అనునది పలక వంటిది. విద్యుత్తు ఆగినంతనే అందులోని వ్రాత చెరిగిపోవును. రోమ్ అనునది శాసనము వంటిది. విద్యుత్తు లేకున్నను అందులోని వ్రాత నిలిచియుండును.

మన దేశపు బడులలో మొదట అడుగుపెట్టిన కంప్యూటర్లలో బి.బి.సి. మైక్రో ఒకటి. దీనిని ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమునకు చెందిన ఏకార్న్ సంస్థ 1981లో తయారు చేసినది. 1984లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకమును ప్రారంభించి, తొలి విడతలో సుమారు 250 పాఠశాలలకు ఈ యంత్రములను అందజేసినది. దీని పలక, అనగా ర్యామ్, కేవలము 32 కిలోబైట్లు. అందులో 32,768 అక్షరములు పట్టును. నేటి సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫొటోకు కూడ ఈ చోటు చాలదు.

అట్లయినచో ఈ పాత యంత్రముతో నేడు మనకేమి పని? నేటి ఫోనును విప్పి చూచినను విద్యార్థికి కనబడునది స్వల్పము. ఈ యంత్రములో ప్రతి భాగము కంటికి కనబడును, చేతికి అందును. బయటి తీగలను కలుపుకొనుటకు వలసిన ద్వారములను దీని నిర్మాతలే ఏర్పరచినారు. దీని రూపకల్పనలో ముఖ్యులైన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను ఇద్దరే ఆ తరువాత ‘ఆర్మ్’ అను ప్రాసెసరును రూపొందించిరి. నేటి సెల్‌ఫోనులన్నిటిలోను దాదాపుగా ఆ ప్రాసెసరు సంతతియే పనిచేయుచున్నది. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల ఉపాధ్యాయునికి ఏ పాత సామానుల గదిలోనో ఇట్టి యంత్రము దొరకినచో, దానిని తుక్కు క్రింద అమ్మివేయుటకు ముందు ఈ క్రింది నాలుగు మార్పులను గురించి ఆలోచింపవలెను.

మొదటిది: సరఫరా పెట్టెలోని కెపాసిటర్లు

పాత యంత్రము దొరికినదన్న ఉత్సాహములో వెంటనే స్విచ్చి వేయరాదు. యంత్రము లోపల ఒక లోహపు పెట్టె కలదు. ఇంటి కరెంటును 5 వోల్టులకు మార్చునది ఇదియే. ఈ పెట్టెలో కరెంటు ప్రవేశించు చోట, కరెంటులోని అలజడిని వడకట్టుటకు రెండు చిన్న కెపాసిటర్లను అమర్చినారు. అవి కాగితపు పొరలపై ప్లాస్టిక్ పోత పోసినవి. నలుబది ఏండ్లు గడచుసరికి ఆ ప్లాస్టిక్ నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెల గుండా గాలిలోని తేమ కాగితమునకు చేరును. అప్పుడు స్విచ్చి వేసినచో కెపాసిటరు కాలి, దట్టమైన పొగ, ఘాటైన వాసన వచ్చును. చూచినవారు కంప్యూటరే తగులబడినదని భయపడి దానిని పారవేయుదురు. నిజమునకు చెడినది కొద్ది రూపాయల భాగము మాత్రమే.

వాని స్థానమున అంతే విలువ గల కొత్తవి వేయవలెను. సాధారణముగా వీని విలువలు 0.1, 0.01 మైక్రోఫారడులు. కొత్తవి తప్పక ‘ఎక్స్ 2’ తరగతివిగా ఉండవలెను. నేరుగా ఇంటి కరెంటుకు తగిలించుటకు తగినవి అవియే.

ఈ పని విద్యార్థులు చేయదగినది కాదు. అనుభవము గల రేడియో, టి.వి. మెకానిక్కు చేతనే చేయింపవలెను. కారణమును లెక్కతో చూతము. 230 వోల్టుల కరెంటును సరిదిద్దినప్పుడు పెట్టెలోని పెద్ద కెపాసిటరుపై 230 × 1.414, అనగా సుమారు 325 వోల్టులు నిలుచును. దాని విలువ 100 మైక్రోఫారడులని అనుకొన్నచో, అందు దాగిన శక్తి ½ × 0.0001 × 325 × 325, అనగా 5 జౌళ్ళకు పైమాట. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడ ఈ శక్తి కొంతసేపు అందులోనే ఉండవచ్చును. అది ప్రమాదకరము.

రెండవది: నలుపు తెలుపుల నుండి రంగులకు

ఈ యంత్రము వెనుక ‘వీడియో అవుట్’ అను రంధ్రము కలదు. దానిని తగిన తీగతో టి.వి.కి గల పసుపు రంగు రంధ్రమునకు కలిపినచో బొమ్మ వచ్చును, కాని రంగులుండవు. ఇది చెడిపోవుట వలన కలిగినది కాదు. రంగుల సమాచారము సెకనుకు సుమారు 44 లక్షల 30 వేల కంపనములు గల వేరొక తరంగముపై ప్రయాణించును. దానిని కలిపినచో నలుపు తెలుపు తెరపై అక్షరముల అంచులు మసకబారును. అందుచేత నిర్మాతలు ఆ తరంగమును ఈ రంధ్రమునకు చేరనీయక ఆపియుంచిరి.

లోపలి బోర్డుపై ముద్రించిన కూర్పు సంఖ్య 4 గాని, అంతకు పైబడి గాని ఉన్నచో, ‘ఎస్ 39’ అని గుర్తు వేసిన చోట రెండు బిందువులు కనబడును. ప్లగ్గు తీసివేసి, ఆ రెంటిని చిన్న తీగ ముక్కతో టంకము వేసి కలిపినచో రంగులు వచ్చును. ఆ తీగను తీసివేసినచో యంత్రము మునుపటి స్థితికి వచ్చును. పాత యంత్రములకు చేయు మార్పు ఏదైనను ఇట్లు వెనుకకు తిప్పదగినదిగా ఉండుట మంచిది.

మూడవది: యూజర్ పోర్టునకు ఒక దీపము

కీబోర్డు క్రింది భాగమున, యంత్రపు ముందు అంచున, 20 సూదులు గల యూజర్ పోర్టు అను ద్వారము కలదు. ఇందులో 1వ సూది 5 వోల్టులను ఇచ్చును. 5వ సూది సున్న వోల్టు. 6వ సూది మన ఆజ్ఞను అనుసరించి హెచ్చు తగ్గు వోల్టులను చూపును.

ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపము చక్కగా వెలుగుటకు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు కావలెను. 6వ సూది నమ్మకముగా ఈయగలది సుమారు 1 మిల్లీ ఆంపియరు మాత్రమే. ఈ లోటును ట్రాన్సిస్టరు తీర్చును. కంభము చెరువు తూమును తలచుకొనుడు. తూమును తిప్పువాని బలము స్వల్పమే, కాని దాని వలన విడుదలయగు నీరు అపారము. ఆ నీరు తిప్పువాని చేతి నుండి రాదు. చెరువు నుండి వచ్చును. అట్లే 6వ సూది ఇచ్చు స్వల్ప విద్యుత్తు తూమును తిప్పును. దీపమునకు వలసిన విద్యుత్తు 1వ సూది నుండి వచ్చును.

అమరిక యిది. బి.సి. 547 ట్రాన్సిస్టరు ఎమిటరును 5వ సూదికి కలుపవలెను. బేసును 4,700 ఓముల నిరోధకము ద్వారా 6వ సూదికి కలుపవలెను. 1వ సూది నుండి 330 ఓముల నిరోధకము, ఆపై దీపము, ఆపై కలెక్టరు వరుసగా రావలెను. దీపపు పొడవు కాలు నిరోధకము వైపున ఉండవలెను. 330 ఓములే ఎందుకు? 5 వోల్టులలో దీపము సుమారు 2 తీసుకొనును. మిగిలిన 3 వోల్టులను 330 చే భాగించినచో 9 మిల్లీ ఆంపియర్లు వచ్చును. ఓము నియమమునకు ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనము అరుదు.

తీగలు కలుపునప్పుడు యంత్రము ఆపియుండవలెను. పిమ్మట స్విచ్చి వేసి ?65122=255 అని టైపు చేసినచో ఆ ద్వారపు ఎనిమిది దారులు బయటకు పంపునవిగా మారును. ?65120=1 అనిన దీపము వెలుగును. ?65120=0 అనిన ఆరును. ఈ దీపమునకు బదులు ఇంటి కరెంటుతో పనిచేయు బల్బును ఎన్నడును కలుపరాదు.

నాలుగవది: పలకరాయి వేడిని కొలుచుట

యంత్రము వెనుక ‘అనలాగ్ ఇన్’ అను 15 సూదుల ద్వారము కలదు. ఇది వోల్టును సంఖ్యగా మార్చును. వేడి పెరిగిన కొలది నిరోధము తగ్గు థర్మిస్టరును ఒకటి తెచ్చుకొనుడు. 25 డిగ్రీల వద్ద దాని నిరోధము 10,000 ఓములు ఉండవలెను. దానిని 14వ, 15వ సూదుల నడుమ కలుపుడు. 15వ, 8వ సూదుల నడుమ మామూలు 10,000 ఓముల నిరోధకమును కలుపుడు. బేసిక్ భాషలో ‘ప్రింట్ అడ్‌వాల్’ అని, దాని ప్రక్కన కుండలీకరణములలో 1 వ్రాసినచో తెరపై ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్య 0 నుండి 65,520 వరకు ఉండవచ్చును. 25 డిగ్రీల వద్ద రెండు నిరోధములు సమానము గనుక అది సగమునకు దగ్గరగా, సుమారు 32,760 వచ్చును. వేడికి థర్మిస్టరు 5,000 ఓములకు దిగినచో మూడింట రెండు వంతులు, అనగా సుమారు 43,680 వచ్చును. చివరి అంకెలు నిలకడగా ఉండవు గనుక పది కొలతల సగటు తీసుకొనవలెను.

ఇక ప్రయోగము. మార్కాపురపు పలకరాయి ముక్కను, అంతే బరువు గల ఇటుక ముక్కను వేసవి ఎండలో ఉంచి, తరువాత నీడకు చేర్చుడు. మొదటి థర్మిస్టరును పలకరాయికి అంటించుడు. రెండవ దానిని ఇటుకకు అంటించి, అదే విధముగా 14, 7, 8 సూదులకు కలుపుడు. దీని కొలతకు కుండలీకరణములలో 2 వ్రాయవలెను. ప్రతి ఐదు నిమిషములకు రెండు సంఖ్యలను నోటుబుక్కులో వ్రాసి గ్రాఫు గీయుడు. ఏది ముందుగా చల్లారును? ఎందుచేత? జవాబును ముందుగానే ఊహించి వ్రాసి, పిదప కొలతతో సరిచూచుకొనవలెను.

ఈ నాలుగింటిలో మొదటిది యంత్రమును ప్రమాదము నుండి కాపాడును. రెండవది దానికి రంగులిచ్చును. మూడవది మన ఆజ్ఞను బయటి ప్రపంచమునకు చేర్చును. నాలుగవది బయటి ప్రపంచమును లోపలికి తెచ్చును. మెకానిక్కు కూలి, థర్మిస్టర్లు గాక తక్కిన ఖర్చు స్వల్పమే. ఈ పనులు చేసిన విద్యార్థికి కంప్యూటరు మూసిన పెట్టెగా తోచదు. పలక వలెనే తాను వ్రాసి, తుడిచి, మరల వ్రాయదగిన సాధనముగా తోచును.